పుస్తకాల బీరువా పక్కన బి.పి. మిషను

ఇంటిపన్ను రసీదు వచ్చిన రోజున మా ఇంట్లో చిన్న పురాణ కాలక్షేపం జరుగుతుంది. మావారు పడక్కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు సవరించుకుని, అందులో ఉన్న పద్దులన్నీ ఒక్కొక్కటే పైకి చదువుతారు. నేను వంటింట్లోంచి "ఊఁ" కొడుతూ ఉండాలి. నీళ్ళ పన్నూ, దీపాల పన్నూ అయిపోయి ఆఖరికి లైబ్రరీ సెస్సు దగ్గర కొచ్చేసరికి ఆయన గొంతు అమాంతం పెరుగుతుంది.

"చూశావుటే! రూపాయికి 8 పైసల చొప్పున లైబ్రరీకి! ముప్ఫయ్యేళ్ళ నుంచి కడుతున్నాం. ఒక్కనాడైనా ఆ గుమ్మం తొక్కామా? ఆ కుర్చీలో కూర్చున్నామా?"

"తొక్కొద్దని ఎవరైనా అన్నారా?" అంటాను నేను పోపు వేస్తూ.

అక్కడితో ఆ ఏటికి పురాణం సమాప్తం. గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. అప్పటినుంచీ మనందరం ఇంటిపన్నుతో పాటు లైబ్రరీల కోసం కూడా కడుతూనే ఉన్నాం. కట్టడం వరకే మన బాధ్యత అనుకుని ఊరుకునేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. చెప్పొద్దూ, ఆ 8 పైసల విలువ నాకు తెలిసి రావడానికి సముద్రాలు దాటి అమెరికా వెళ్ళాల్సి వచ్చింది. కానీ కథ అక్కడ మొదలుపెడితే సగమే చెప్పినట్టవుతుంది. ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.

మా అమ్మ పుట్టింటి ఊరు గుంటూరు జిల్లాలో కాలవ గట్టున ఉంటుంది. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలవ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. ఆయనకు ముందు 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి చొరవతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినప్పటి నుంచీ, ఊరూరా లైబ్రరీలు పెట్టాలని పట్టుబట్టి తిరిగిన మహానుభావులు ఎందరో. అవన్నీ మా అమ్మకు తెలియవు. ఆవిడకి తెలిసిందల్లా పుస్తకాల పడవ! అప్పటికి ఏడేళ్ళ పిల్ల. పడవ వస్తే గట్టు మీద నిలబడి చూసేదిట. మా పెద్దమామయ్య వెళ్ళి పుస్తకాలు తెస్తే, ఆయన చదవడం అయ్యాక, ఎవరూ చూడకుండా అటక కింద కూర్చుని కూడబలుక్కుని చదివేదిట. బడికి పంపింది రెండేళ్ళే. మిగతా చదువంతా ఆ పడవ చెప్పిందే.

పెళ్ళయి మా ఊరొచ్చాక కూడా అంతే. లైబ్రరీకి వెళ్ళి కూర్చోవడం అనేది ఆడవాళ్ళ పని కాదు. నాన్న వెళ్ళి తెచ్చేవారు. మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక అమ్మ మండువాలో కూర్చుని సీరియల్ పైకి చదువుతుంటే, అటు నలుగురూ ఇటు నలుగురూ చేరేవారు. బియ్యంలో రాళ్ళేరుతూ ఒకరు, వత్తులు చేస్తూ ఇంకొకరు. చదవడం అంటే అమ్మదే. కథలో కోడలు ఏడిస్తే అమ్మ గొంతు వణికేది. అత్తగారు కసిరితే విన్నవాళ్ళకి వాళ్ళవాళ్ళ అత్తగార్లు గుర్తొచ్చేవారు.

అమ్మకి తలనొప్పి ఉండేది. శొంఠి అరగదీసి పట్టు వేసుకుని, పాత చీర ముక్క గట్టిగా బిగించి కట్టుకునేది. "ఒకసారి డాక్టరుకి చూపించుకోరాదుటే" అని మా అత్తయ్య అంటే, అమ్మ నవ్వి, "పుస్తకమైతే పడవెక్కి మన గుమ్మం దాకా వస్తుంది గానీ, డాక్టరు రాడుగా వదినా" అనేది.

1981లో ఒకరోజు పొద్దున్న అమ్మ చేతిలోంచి గరిటె జారి కింద పడింది. తీసుకోబోయి మళ్ళీ జారవిడిచింది. ఏదో అంటే మాట ముద్దగా వచ్చింది. నేను అప్పుడు పుట్టింట్లోనే ఉన్నాను. "ఏమిటమ్మా, ఇంకా నిద్రమత్తు వదల్లేదా?" అని నవ్వాను. అవును, నవ్వాను. గంట తరవాత పొయ్యి దగ్గరే ఒరిగిపోయింది. ఆస్పత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఇంతకు ముందెప్పుడైనా బి.పి. చూపించారా?" అని. నాన్న నా కేసి చూశారు. నేను నాన్న కేసి చూశాను. 53 ఏళ్ళ మనిషికి ఒక్కసారి కూడా ఎవరూ బి.పి. చూడలేదు.

ఆ తరవాత అమ్మ రెండేళ్ళు బతికింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోయింది. మధ్యాహ్నం పత్రిక తీసి ఒళ్ళో పెడితే ఎడంచేత్తో పేజీలు తిప్పుతూ ఉండేది. పైకి చదివేవాళ్ళు లేక అటు నలుగురూ ఇటు నలుగురూ రావడం మానేశారు.

ఇక అమెరికా.

2018లో మా అమ్మాయి రెండో కాన్పుకి నేనొక్కదాన్నే వెళ్ళాను. (మావారికి విమానమంటే భయం. "పెన్షను పని ఉంది" అని చెప్పి తప్పించుకున్నారు.) అల్లుడి ఉద్యోగం ఆరిజోనా రాష్ట్రంలో, టూసాన్ అనే ఊళ్ళో. అమెరికా అంటే మంచు అనుకుని రెండు స్వెట్టర్లు అల్లుకుని పోయానా, తీరా చూస్తే అది ఎడారి! జూన్ నెలలో 40 డిగ్రీలు దాటి ఎండ. వీధుల్లో చెట్లకు బదులు రెండు చేతులు పైకెత్తి నిలుచున్న మనుషుల్లాగా సగ్వారో జెముడు చెట్లు. మన రెంటచింతలకి వియ్యపురాలు లాంటి ఊరన్నమాట.

నేను బి.పి. మనిషినే. అమ్మ పోయాక మావారు పట్టుబట్టి చూపిస్తే బయటపడింది. రోజూ ఒక మాత్ర. మూడు నెలలకని బయల్దేరాను గనక మూడు నెలల మాత్రలే తీసుకెళ్ళాను. కాన్పయ్యాక పసివాడికి కామెర్లొచ్చి, పిల్లకి నీరసం తగ్గక, "అమ్మా, ఇంకో రెండు నెలలుండవూ" అంటే ఉండనని ఏ తల్లి అంటుంది? ఉన్నాను. మాత్రలు ఉండలేదు.

అక్కడ డాక్టరు చీటీ లేకుండా బి.పి. మాత్ర కొనడానికి వీల్లేదు. నాకు కట్టిన ఇన్సూరెన్సు కాగితంలో, ముందునుంచీ ఉన్న జబ్బులకు ఇది వర్తించదని స్పష్టంగా రాసుంది. డాక్టరు దగ్గరికి వెళితే ఎన్ని డాలర్లవుతాయో, అప్పటికే ఆస్పత్రి బిల్లులు చూసి తల పట్టుకుంటున్న అల్లుడి నెత్తిన ఇంకొకటి పెట్టడం నాకు మనస్కరించలేదు. అందుకని నేనొక తెలివైన పని చేశాను. రోజుకి సగం మాత్ర వేసుకున్నాను. తరవాత రోజు విడిచి రోజు సగం. ఆఖరికి నాలుగే మాత్రలు మిగిలితే "మరీ అవసరమైతే" అని దాచుకున్నాను. బంగారం దాచుకున్నట్టు!

మీరు నవ్వుతారని తెలుసు. కానీ మీలో ఎంతమంది ఇలాంటి తెలివి చూపించలేదో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. మొగుడికి జలుబు చేస్తే డాక్టరు, పిల్లాడు తుమ్మితే డాక్టరు, మనకి మాత్రం శొంఠి పట్టు.

మా మనవరాలికి అప్పుడు ఐదేళ్ళు. వేసవి సెలవులు. ఇంట్లో పసివాడు నిద్రపోతుంటే ఇది అరిచి లేపేది. అందుకని రోజు విడిచి రోజు దాన్ని తీసుకుని లైబ్రరీకి వెళ్ళేదాన్ని. యూనివర్సిటీ దగ్గర ఎక్కితే ఊరి నడిబొడ్డు దాకా ట్రాము బండి ఉంది. దిగి కాస్త నడిస్తే పీమా కౌంటీ వారి పెద్ద లైబ్రరీ. ముందర ఎర్రటి ఇనప శిల్పం ఒకటి, ఏమిటో అర్థం కాకుండా ఆకాశంలోకి వంకర్లు తిరిగి ఉంటుంది. లోపల చల్లగా, హాయిగా, ఎవరూ "ఎందుకొచ్చావు?" అని అడగరు. అదే నాకు మొదటి ఆశ్చర్యం. పిల్లలు, ముసలివాళ్ళు, చదువుకునేవాళ్ళు, ఇల్లు లేక మూటతో తిరిగే వాళ్ళు కూడా ఎండ తప్పించుకోవడానికి వచ్చి కూర్చునేవారు. ఎవరినీ లేచిపొమ్మనేవారు కాదు.

ఒకరోజు మనవరాలు బొమ్మల పుస్తకాలు ముందేసుక్కూర్చుంది. నేను పక్కన చిన్నపిల్లల కుర్చీలో ఒదిగి కూర్చుని, రెండు చేతులతో కణతలు నొక్కుకుంటున్నాను. కళ్ళ ముందర చుక్కలు. ఇంతలో మెడలో స్టెతస్కోపు వేసుకున్న ఒకావిడ వచ్చి, "ఇక్కడ కూర్చోవచ్చా?" అని అడిగింది. ఆ చోట స్టెతస్కోపు ఏమిటి? నేను పడిపోయానేమో, ఎవరో ఆస్పత్రికి కబురు చేశారేమోనని కంగారు పడ్డాను.

కాదుట. ఆవిడ లైబ్రరీ నర్సుట!

తరవాత ఆవిడా, అక్కడి లైబ్రేరియనూ చెప్పగా నాకు తెలిసిందేమిటంటే, 2012లో ఆ కౌంటీ ఆరోగ్యశాఖా లైబ్రరీ వాళ్ళూ కలిసి ఈ ఏర్పాటు చేశారు. అమెరికా మొత్తంలో లైబ్రరీలో నర్సుని పెట్టడం అదే మొదలు. అంతకుముందు 2009లో శాన్‌ఫ్రాన్సిస్కో లైబ్రరీ వాళ్ళు ఒక సోషల్ వర్కరుని పెట్టుకున్నారు. లైబ్రరీకి రోజూ వచ్చేవాళ్ళలో డాక్టరు మొహం చూసి ఏళ్ళయినవాళ్ళు ఎందరో ఉంటారు. ఇన్సూరెన్సు లేనివాళ్ళు, ఇల్లు లేనివాళ్ళు, మనసు బాగోలేనివాళ్ళు. ఏ పుస్తకం ఏ అరలో ఉందో లైబ్రేరియనుకి తెలుసు గానీ, కుర్చీలో కూర్చున్న మనిషి ఒరిగిపోతే ఏం చెయ్యాలో ఆవిడకెలా తెలుస్తుంది? ఆస్పత్రికి రాని మనిషి లైబ్రరీకి వస్తున్నాడు గనక, నర్సునే లైబ్రరీకి పంపారు. ఎంత చిన్న ఆలోచనో చూడండి!

ఆ నర్సు మందులివ్వదు. జబ్బు పేరు తేల్చదు. బీరువాల మధ్య తిరుగుతూ పలకరిస్తుంది. అడిగితే బి.పి. చూస్తుంది. ఎక్కడికి వెళ్ళాలో చెబుతుంది. అంతే. కానీ ఆ "అంతే"లో ఎంత ఉందో నాకు తరవాత తెలిసింది.

బి.పి. చూడమన్నాను గానీ, నన్ను కూర్చోబెట్టిన తీరు చూస్తే నేను ఇన్నేళ్ళూ చూపించుకున్నది బి.పి.యేనా అని అనుమానం వచ్చింది. వీపు ఆనే కుర్చీలోకి మార్చింది. కాలు మీద కాలు తీసెయ్యమంది. పాదాలు రెండూ నేలకి ఆనించమంది. కాఫీ తాగి అరగంటయిందా అని అడిగింది. బాత్‌రూముకి వెళ్ళాలంటే ముందే వెళ్ళి రమ్మంది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తుకు వచ్చేలా బల్ల మీద పెట్టించి, "ఇప్పుడు మాట్లాడకండి" అంది. నాకు అన్నిటికన్నా కష్టమైంది అదే!

మిషను చూసి ఆవిడ ఏమీ అనలేదు. మరో ఐదు నిమిషాలాగి మళ్ళీ చూసింది. అప్పుడు కూడా పైకి చదవలేదు. ఒక చిన్న కార్డు మీద రెండు అంకెలూ రాసి, నా వేపు తిప్పి పెట్టింది. 178/104. 174/102.

"మాత్రలు వేసుకుంటున్నారా?"

నేను అబద్ధం చెబుదామనే అనుకున్నాను. కానీ వేలెడు లేని నా మనవరాలు పక్కనే కూర్చుని పెద్ద కళ్ళేసుకుని చూస్తోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సగం మాత్ర సంగతి, దాచిన నాలుగు మాత్రల సంగతి. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. "మీరొక్కరే కాదు, ఇక్కడ చాలామంది ఇలాగే మాత్రలు విరుచుకుంటారు" అంది. ఎంత డబ్బున్న దేశంలోనైనా మాత్ర విరుచుకునేవాళ్ళు ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు.

ఏం తింటారని అడిగితే ఆవకాయ గురించి చెప్పాల్సి వచ్చింది. మామిడికాయ, ఆవపిండి, కారం, నూనె అంటూ వేళ్ళు మడిచి చెబుతున్నాను. "ఉప్పు?" అంది. జాడీకి ఎంత పోస్తామో చేత్తో చూపించాను. పాపం, ఆవిడ మొహం మొదటిసారి రంగు మారింది. మనిషికి రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుందిట. ఒక చెంచాడు! మనకది రెండు ముద్దల లెక్క.

ఆఖరికి ఆవిడ అసలు మాట చెప్పింది. తక్కువ ఫీజుతో చూసే క్లినిక్కు ఎక్కడుందో రాసిచ్చి, రేపటి లోగా తప్పకుండా వెళ్ళమంది. "ఈలోగా మూతి ఒక పక్కకి లాగినా, చేతిలో పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా, గుండెలో నొప్పి వచ్చినా ఒక్క నిమిషం ఆగొద్దు, వెంటనే అంబులెన్సుకి ఫోను చెయ్యాలి" అంది.

చేతిలో పట్టు తప్పినా. మాట ముద్దగా వచ్చినా.

37 ఏళ్ళ తరవాత, పరాయి దేశంలో, పిల్లల పుస్తకాల మధ్య కూర్చుని నేను వెక్కివెక్కి ఏడ్చాను. గరిటె జారిన చప్పుడు మళ్ళీ వినిపించింది. నా నవ్వు కూడా వినిపించింది. ఆ నర్సు ఎందుకని అడగలేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. చివరికి, "ఇంట్లో ఎవరికైనా చెబుతారా?" అంది. "చెబుతాను" అన్నాను.

అన్నానే గానీ, చెప్పే ఉద్దేశం నాకు లేదని మీకు తెలిసే ఉంటుంది. ట్రాములో వస్తూ కార్డుని జాకెట్లో దాచుకున్నాను. పురుటాలు, దాన్నెందుకు కంగారు పెట్టడం? ఇంకొక నాలుగు వారాలు నెట్టుకొస్తే ఇండియా వెళ్ళిపోతాను. ఇలా లెక్కలు వేసుకుంటూ ఇంట్లో అడుగు పెట్టానో లేదో, నా మనవరాలు చెప్పులైనా విప్పకుండా, "అమ్మా! లైబ్రరీలో నర్సు ఆంటీ అమ్మమ్మ చేతికి బెలూన్ కట్టింది! అమ్మమ్మకి వన్ సెవెంటీ ఎయిట్ వచ్చింది! ఎవ్వరికీ రానంత వచ్చింది!" అని చప్పట్లు కొట్టింది. దానికి నేనేదో పందెం గెలిచినట్టే ఉంది మరి.

మా అమ్మాయి ఆ కార్డు తీసి చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అమ్మమ్మ సంగతి నువ్వే కదమ్మా నాకు చెప్పావు. నన్ను కూడా నీలాగే బతికినంత కాలం కుమిలిపొమ్మంటావా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మర్నాడే క్లినిక్కుకి తీసుకెళ్ళారు. ఫీజూ, మందుల ఖరీదూ నేను భయపడినంత లేవు. అల్లుడు కారు నడుపుతూ ఒక్క మాట అన్నాడు. "అత్తయ్యా, మీరు మాత్రలు మిగల్చడం వల్ల మాకు మిగిలేదేమీ లేదు." ఆ అబ్బాయి మామూలుగా మితభాషి. అందుకే ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

తిరిగొచ్చాక మా మునిసిపాలిటీ శాఖా గ్రంథాలయానికి మొదటిసారి వెళ్ళాను. మా ఇంటికి నాలుగు వీధుల అవతల! పేపర్ల బల్ల చుట్టూ రిటైరైన పెద్దమనుషులు, గోడవార ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే కుర్రాళ్ళు, కిర్రుమంటూ తిరిగే ఫాను. ఆడవాళ్ళంటే నేనొక్కదాన్ని. లైబ్రేరియన్‌గారు లేచి, "ఎవరి కోసమమ్మా?" అని అడిగారు. పుస్తకం కోసం వచ్చి ఉంటానని ఆయనకి తట్టలేదు పాపం.

మా వీధిలో ప్రభుత్వాస్పత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరైన ఒకావిడ ఉన్నారు. మేమందరం సిస్టరుగారంటాం. ఆవిడతో టూసాన్ సంగతి చెబితే, "దానికేం భాగ్యం, మిషనుంటే నేను కూర్చుంటాను" అన్నారు. మిషను మావారి చేత కొనిపించాను. లైబ్రేరియన్‌గారు మొదట తటపటాయించినా, మందులివ్వం, జబ్బు పేరు చెప్పం, చూసి ఆస్పత్రికి పంపుతామంతే అనేసరికి ఒప్పుకున్నారు. 2019 మొదట్లో శుక్రవారం శుక్రవారం పొద్దున్న 10 నుంచి 12 దాకా, వారపత్రికల బీరువా పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక బి.పి. మిషను.

మొదటి నెల్లాళ్ళూ వచ్చింది పేపర్లు చదివే పెద్దమనుషులే. ఒకాయన గంటలో మూడుసార్లు చూపించుకున్నారు. మధ్యమధ్య సంపాదకీయం చదివి వస్తే పెరిగేది! ఆడవాళ్ళు ఒక్కరు రాలేదు. పిలిస్తే "లైబ్రరీకా? అక్కడందరూ మగవాళ్ళేగా!" అన్నారు.

పైగా నేనొక తప్పు చేశాను. మా ఎదురింటావిడని బతిమాలి తీసుకొచ్చి చూపించి, ఆత్రం కొద్దీ "అమ్మో, 170!" అని పైకి అనేశాను. సాయంత్రానికల్లా వీధంతా ఆ అంకె తిరిగింది. వాళ్ళ పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. "ఇంటి జబ్బులు వీధిన పెడతావా?" అని ఆవిడ నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ నర్సు అంకెలు పైకెందుకు చదవలేదో. ఆ రోజు నుంచీ మాకొక రూలు. అంకె చీటీ మీద రాసి చేతికివ్వడమే. నోట్లోంచి బయటికి రాకూడదు. కట్టుకున్నవాడు అడిగినా సరే, ఆ మనిషి చెప్పుకుంటేనే చెప్పుకున్నట్టు.

ఆడవాళ్ళని రప్పించింది మేము కాదు, వేసవి సెలవులు. మేనెలలో లైబ్రరీలో పిల్లలకి వేసవి శిబిరం పెట్టారు. కథలు చెప్పడం, బొమ్మలు వేయించడం. పిల్లల్ని దింపి, మళ్ళీ తీసుకెళ్ళడానికి తల్లులు వచ్చేవారు. పావుగంట ముందొచ్చి గుమ్మంలో నిలబడేవారు. "నిలబడే బదులు కూర్చోండమ్మా, ఎలాగూ ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి" అని సిస్టరుగారు కుర్చీ లాగేవారు. ఆ ఐదు నిమిషాల్లో చేతికందిన వారపత్రిక తీసేవారు. అలా ఒక్కొక్కరే అలవాటయ్యారు.

వాళ్ళలో సందు చివర ఇడ్లీ బండి పెట్టుకునే ఆవిడ ఒకర్తె. చూస్తే 190/110. "నాకేం రోగం లేదమ్మా, నిన్న కూడా బియ్యం బస్తా ఎత్తాను" అంది. అదే కదండీ దీనితో వచ్చిన చిక్కు! నొప్పి లేదు, జ్వరం లేదు, లోపల లోపలే కొంప ముంచుతుంది. 140/90 దాటి ఉంటున్నదంటే డాక్టరు చూడాల్సిందే. ముప్ఫయ్యేళ్ళు దాటినవాళ్ళందరికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బి.పి., షుగరు ఉచితంగా చూసే పథకం ఉండనే ఉంది. ఆవిడకి అది ఉందని తెలియదు. సిస్టరుగారు స్వయంగా వెంట తీసుకెళ్ళారు. మాత్రలు ఉచితంగానే ఇచ్చారు. ఇప్పటికీ వేసుకుంటోంది.

అందరి కథా ఇలాగే అయిందని చెబితే అబద్ధం. చీటీ తీసుకుని కొంగున ముడేసుకుని వెళ్ళి, మళ్ళీ కనిపించనివాళ్ళు కూడా ఉన్నారు. ఆ ముడి విప్పారో లేదో తెలియదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి లైబ్రరీ తలుపులు మూశారు. మా బల్లా మూలపడింది. 2022లో మళ్ళీ మొదలుపెడదామని వెళితే పాత లైబ్రేరియన్‌గారు బదిలీ అయ్యారు. కొత్తాయన, "ఇది ఏ జీవో ప్రకారమండీ?" అని అడిగారు. నేను సంచీలోంచి ఇంటిపన్ను రసీదు తీసి చూపించాను. ఆయన నవ్వేసి బల్ల తుడిపించారు.

ఇప్పుడు నేను పుస్తకం కోసమే లైబ్రరీకి వెళుతున్నాను. శుక్రవారాలు మాత్రం పని ఎక్కువ. ఎదురింటావిడ మళ్ళీ మాట్లాడుతోంది. అంతేకాదు, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవలసినవాళ్ళకి సీరియల్ పైకి చదివి వినిపిస్తోంది. అటు నలుగురూ ఇటు నలుగురూ చేరుతున్నారు. అది చూసినప్పుడల్లా నాకు మా మండువా గుర్తొస్తుంది. అమ్మా, నీ పడవలోకి ఒక నర్సు కూడా ఎక్కిందే అని చెప్పాలనిపిస్తుంది.

మొన్న ఇంటిపన్ను రసీదొచ్చింది. మావారు మామూలుగానే పురాణం మొదలుపెట్టి, లైబ్రరీ సెస్సు దగ్గర ఆగి, గొంతు పెంచకుండా, "పోనీ, నేనూ ఒకసారి వచ్చి కూర్చుంటే ఏం?" అన్నారు. కొనిచ్చిన మిషను ముందు ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూర్చోలేదు మరి. శుక్రవారం వచ్చారు. పాదాలు నేలకానించి, నోరు మూసుకుని, బుద్ధిగా కూర్చున్నారు. సిస్టరుగారు అంకె రాసి చీటీ మడిచి ఆయన చేతికిచ్చారు. దారిలో ఆయనే నాకు చూపించారు.

ఎంత వచ్చిందంటారా? చెప్పను. రూలంటే రూలే!